రసీదు ఇచ్చిన దేవుడు

ముందే చెప్పేస్తున్నా, నాది మొత్తం ఇంగ్లీష్ మీడియం చదువు. సెకండ్ లాంగ్వేజ్‌గా తెలుగులో మార్కులు వచ్చాయి గానీ రాయడం రాలేదు. ఒత్తులు తప్పితే సీనియర్లు క్షమించాలి.

ఈసారి మన క్లబ్ టాపిక్ పురుషార్థాలు. ధర్మం, అర్థం, కామం, మోక్షం. మనిషి బతుక్కి నాలుగు లక్ష్యాలు అని మనవాళ్ళు పెట్టారు. ఎగ్జామ్ ఆన్సర్‌లో ఒకదాని కింద ఒకటి రాసేయొచ్చు. ఒకే మనిషిలో ఆ నాలుగూ గొడవ పడితే ఏమవుతుంది? అప్పుడు నాకు కంచర్ల గోపన్న గుర్తొచ్చాడు. అదే, మన భక్త రామదాసు. 2006లో వచ్చిన నాగార్జున సినిమా శ్రీరామనవమికి టీవీలో చూడని ఇల్లు లేదు కదా.

గోపన్నది ఖమ్మం వైపు నేలకొండపల్లి. 1620 ప్రాంతంలో పుట్టాడంటారు. నియోగి కుటుంబం, అంటే లెక్కలూ పద్దులూ తెలిసిన ఇల్లు. గోల్కొండను కుతుబ్‌షాహీలు ఏలుతున్న కాలం అది. చివరి సుల్తాను అబుల్ హసన్ తానీషా 1672లో గద్దెనెక్కాడు. ఆయన దగ్గర పెద్ద మంత్రి మాదన్న, ఆయన సోదరుడు అక్కన్న. వీళ్ళిద్దరూ గోపన్నకు మేనమామలని కథల్లో చెప్తారు. మనకు దగ్గర్లో, సైదాబాద్ పక్కన ఉన్న మాదన్నపేటకు ఆ మాదన్న పేరే వచ్చిందంటారు. నేను రోజూ ఆ బోర్డు చూస్తా గానీ ఎప్పుడూ ఆలోచించలేదు.

గోపన్న పాల్వంచ పరగణాకు తహసీల్దారు అయ్యాడు. రైతుల దగ్గర శిస్తు వసూలు చేసి గోల్కొండ ఖజానాకు పంపడం ఆయన డ్యూటీ. భద్రాచలం ఆయన ఏరియాలోనే ఉంది. అక్కడ కొండ మీద పోకల దమ్మక్క అనే ఆమెకు రాముడి విగ్రహాలు దొరికితే, తాటాకుల పందిరి వేసి పూజ చేసేదట. దేవుడు పందిట్లో ఉండటం గోపన్న చూడలేకపోయాడు. గుడి కట్టాలి అనుకున్నాడు. మంచి కోరికే. కామం అంటే ఏదో చెడ్డ మాట అనుకుంటాం గానీ, ఈ కోరిక కూడా ఆ లిస్టులోదే.

జనం ఇచ్చిన చందాలు సరిపోలేదు. చేతిలో శిస్తు డబ్బు ఉంది. సుల్తాను పర్మిషన్ రాకముందే దాన్ని వాడేశాడు. గుడి లేచింది, ప్రాకారం లేచింది, సీతమ్మకు, రాముడికి, లక్ష్మణుడికి నగలు వచ్చాయి. ఆరు లక్షలు అని అందరూ చెప్పుకునే లెక్క. అది సుల్తాను ఖజానాకు చేరాల్సిన సొమ్ము, దాని వెనక రైతుల చెమట.

గోల్కొండకు పిలిపించారు. మేనమామ మంత్రి అయినా జైలు తప్పలేదు. పన్నెండేళ్ళు అంటారు.

పోయిన నెల ఆ జైలు చూద్దామని నాదర్‌గుల్ నుంచి ఎల్బీనగర్ బస్సు, అక్కడి నుంచి మెట్రోలో లక్డీకాపూల్, మళ్ళీ బస్సు పట్టుకుని వెళ్ళా. కోట మెట్లు ఎక్కుతుంటే దారిలో వస్తుంది. మందపాటి గోడలు, పైనుంచి పడే కొద్ది వెలుతురు. గోడ మీద రాముడు, సీత, లక్ష్మణుడు, హనుమంతుడి బొమ్మలు ఆయన చెక్కినవే అంటారు. బయట సెల్ఫీలు తీసుకునేవాళ్ళు కూడా లోపలికి రాగానే చప్పుడు చేయట్లేదు.

ఆయన అక్కడ పాడిన కీర్తనలు ఇప్పటికీ పాడుతున్నారు. దాశరథీ శతకం కూడా ఆయనదే. ఒక కీర్తన నాకు బాగా నచ్చింది. అందులో రాముడికి లెక్క చెప్తాడు. ఈ నగకు ఇంత, ఆ పతకానికి ఇంత అని, స్టేట్‌మెంట్ తీసినట్టు. కోపంతో తిడతాడు, వెంటనే తప్పైంది క్షమించు అంటాడు. తహసీల్దారు బుద్ధి జైల్లో కూడా పోలేదు. డబ్బు ఎక్కడికెళ్ళిందో పైసాతో సహా ఆయనకు తెలుసు.

తర్వాత కథ మీకు తెలిసిందే. ఒక రాత్రి ఇద్దరు యువకులు తానీషా దగ్గరికి వచ్చి, మొత్తం బాకీ కట్టి, రసీదు తీసుకుని వెళ్ళిపోయారు. వాళ్ళు రామలక్ష్మణులని తర్వాత తెలిసింది. గోపన్నను వదిలేశారు. ఇది చరిత్రో, నమ్మకమో నేను తేల్చలేను. నవమి కల్యాణానికి ముత్యాల తలంబ్రాలు పంపే అలవాటు తానీషాతోనే మొదలైందంటారు. ఇప్పుడు మన ప్రభుత్వం పంపుతోంది. తానీషా కథ మాత్రం చరిత్రే. 1687లో ఔరంగజేబు గోల్కొండను గెలిచి ఆయన్ను దౌలతాబాద్ కోటలో బంధించాడు. అక్కడే పోయాడు. ఆయన్ను విడిపించడానికి ఎవరూ రాలేదు.

నన్ను ఆపేసింది ఆ రసీదు. గోపన్నను ప్రేమించిన జనమే ఈ కథ చెప్పుకున్నారు. కావాలంటే దేవుడి పని కాబట్టి బాకీ మాఫీ అని చెప్పుకోవచ్చు. అలా చెప్పలేదు. వాళ్ళ కథలో దేవుడు కూడా అసలు మొత్తం కట్టాడు, రసీదు అడిగాడు. మోక్షం ఇచ్చేవాడు కూడా అర్థం దగ్గర ధర్మం తప్పలేదు.

ఇది ఎందుకు రాస్తున్నానంటే, పోయిన సెమిస్టర్‌లో మా సెక్షన్ ఫెస్ట్ చందాలు నా అకౌంట్‌లో ఉండేవి. ఒక ఫ్రెండ్‌కి ఎగ్జామ్ ఫీజు ఆఖరి రోజు, ఇంట్లో డబ్బుల్లేవు. ఎవరినీ అడగకుండా అందులోంచి 2,400 కట్టేశా. మంచి పనే కదా అనుకున్నా. మైక్ సెట్ వాడికి అడ్వాన్స్ ఇవ్వాల్సిన రోజు డబ్బు తక్కువైతే, అమ్మకు పుస్తకాలని చెప్పి తెప్పించి సర్దేశా. లెక్క సరిపోయింది గానీ నాకు నిద్ర సరిపోలేదు.

నిన్న రాత్రి క్లాస్ గ్రూప్‌లో మొత్తం లెక్క పెట్టా, ఆ 2,400తో సహా. ఫ్రెండ్ పేరు రాయలేదు. ఇద్దరు తిట్టారు, ఒకడు బొటనవేలు పెట్టాడు. అమ్మకు ఈ ఆదివారం చెప్తా. అది గోల్కొండ కంటే కష్టం.