వాలే షాఫ్టుకు వాలే బేరింగు: స్వెన్ వింగ్‌క్విస్ట్

సెల్ఫ్ అలైనింగ్ బేరింగు మన మెషిన్ డిజైన్ పాఠంలో అర పేజీలో అయిపోతుంది. దాన్ని తయారుచేసిన మనిషి సంగతి ఆ అర పేజీలో ఉండదు. ఆయన స్వీడన్ దేశస్థుడు స్వెన్ వింగ్‌క్విస్ట్. 1876లో హాల్స్‌బెర్గ్‌లో జన్మించారు. సాంకేతిక విద్య, ఆపైన వస్త్ర పరిశ్రమ చదువు ముగించుకొని గోటెబర్గ్ నగరంలోని గామ్లెస్టాడెన్ బట్టల మిల్లులో ఇంజనీరుగా చేరారు.

అప్పట్లో మగ్గానికో మోటారు లేదు. హాలు పొడవునా పైకప్పు కింద ఒక షాఫ్టు తిరుగుతుంటే, దాని పుల్లీల నుంచి బెల్టుల ద్వారా మగ్గాలన్నిటికీ శక్తి అందేది. మిల్లు కట్టిన నేలేమో బంకమట్టి. భవనం కొద్దికొద్దిగా కదిలేది, షాఫ్టు లైను తప్పేది, బేరింగులు వేడెక్కి అరిగిపోయేవి. ఒక్కటి పోయిందంటే ఆ వరుస మగ్గాలన్నీ ఆగవలసిందే! జర్మనీ నుంచి బాల్ బేరింగులు తెప్పించినా అవీ ఈ వంకరకు తట్టుకోలేదు. పైగా కొత్తవి చేతికందేసరికి చాలా కాలం పట్టేది.

నేల కదలకుండా ఆపడం ఎవరి తరం? వింగ్‌క్విస్ట్ షాఫ్టు వంకరను అలాగే ఒప్పుకొని బేరింగును మార్చారు. బయటి రింగు లోపలి ముఖాన్ని గోళంలో ఒక భాగంగా మలిచారు. ఆ గోళ కేంద్రం షాఫ్టు అక్షం మీదే ఉంటుంది. లోపలి రింగుకు రెండు గాడులు, వాటిలో రెండు వరుసల బంతులు. షాఫ్టు ఒకటి రెండు డిగ్రీలు వాలితే లోపలి రింగు, బంతులు, కేజ్ అన్నీ కలిసి దానితోపాటే వాలతాయి. బంతుల దారి ఎప్పుడూ అదే గోళం మీద కాబట్టి ఎక్కడా బిగుసుకోదు.

ఈ సుఖం ఊరికే రాలేదు. గాడిలో ఒదిగి కూర్చున్న బంతి ఎక్కువ బరువు మోస్తుంది. విశాలమైన గోళతలం మీద బంతి ఆనే చోటు చిన్నదై ఒత్తిడి పెరుగుతుంది. రెండో వరుస ఆ లోటును పూర్తిగా తీర్చలేదు. 6206, 1206 బేరింగులు రెండూ 30 మి.మీ. షాఫ్టుకే, రెండింటికీ బయటి వ్యాసం 62, వెడల్పు 16. కేటలాగులో లోడ్ రేటింగులు పక్కపక్కన పెట్టి చూడండి, 1206 వెనకబడే ఉంటుంది. కాగితం మీద బలమైన బేరింగు కన్నా, కుంగే నేల మీద ఆగకుండా తిరిగే బేరింగే తన మిల్లుకు కావాలని ఆయన తేల్చుకున్నారు. నా దృష్టిలో ఆయన గొప్పతనమంతా ఆ నిర్ణయంలోనే ఉంది.

1907లో పేటెంటు వచ్చింది. అదే ఏడు ఎస్.కె.ఎఫ్. కంపెనీ పుట్టింది, అప్పటికి ఆయన వయస్సు ముప్పయ్యే. 1912 నాటికి 32 దేశాల్లో దానికి ప్రతినిధులున్నారు. 1927లో మొదటి కారు తెచ్చిన వోల్వో కూడా ఎస్.కె.ఎఫ్. బిడ్డే. లాటిన్‌లో ఆ మాటకు దొర్లుతున్నానని అర్థం. కారుకు పెట్టకముందు అది బేరింగులకోసం అనుకున్న పేరు!

బరువు మోయలేని లోటు మాత్రం అలాగే మిగిలింది. 1919లో అదే కంపెనీ ఇంజనీరు ఆర్విడ్ పామ్‌గ్రెన్ గోళతలాన్ని అలాగే ఉంచి, బంతుల స్థానంలో పీపా ఆకారపు రోలర్లు పెట్టారు. వాలే గుణం పోలేదు, బరువు మోసే శక్తి ఎంతో పెరిగింది. వింగ్‌క్విస్ట్ 1953లో మరణించేనాటికి ఆ రెండు రకాలూ ప్రపంచమంతటా తిరుగుతున్నాయి.