వైద్య శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. చదువు ఆయనకు సులభంగా అబ్బలేదు. మూడవ ప్రయత్నంలో గాని మెట్రిక్యులేషన్ గట్టెక్కలేదు. మద్రాసు వైద్య కళాశాలలో చేరిన తరువాత జాతీయోద్యమ ప్రభావంతో ఖద్దరు ధరించారు. అది శస్త్రచికిత్స ఆచార్యునికి రుచించలేదు. ఎం.బి.బి.ఎస్.కు బదులు అంతకు తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. కట్టిన బట్టను బట్టి పట్టా తగ్గడం వింతే!

ఆయన సోదరులిద్దరు స్ప్రూ వ్యాధితో కొద్ది రోజుల వ్యవధిలో మరణించారు. పేగులు ఆహారసారాన్ని పీల్చుకోలేక, రక్తం క్షీణించి మనిషి శుష్కించిపోయే జబ్బు అది. నాడు దానికి మందు లేదు. 1922లో మామగారి ఆర్థిక సహాయంతో, భార్య శేషగిరిని స్వదేశంలోనే విడిచి సుబ్బారావు అమెరికాలోని బోస్టన్ చేరారు. మరల స్వదేశానికి రాలేదు.

హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలసి భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో రూపొందించారు. కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీలపై కృషి చేశారు. అయినా అక్కడ స్థిరమైన ఉద్యోగం లభించలేదు. 1940లో లెడర్లీ ప్రయోగశాలలకు తరలివెళ్ళారు.

అక్కడ ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. స్ప్రూకు అది ఔషధమయింది. కాని సోదరులు పోయి అప్పటికి రెండు దశాబ్దాలు దాటింది.

కథ అంతటితో ఆగలేదు. కణం విభజన చెందాలంటే ఫోలిక్ ఆమ్లం కావాలి. రక్త క్యాన్సర్‌లో ఎముక మజ్జలోని కణాలు అదుపు తప్పి విభజన చెందుతాయి. ఆ ఆమ్లం ఇస్తే వ్యాధి ముదురుతున్నట్లు బోస్టన్ బాలల వైద్యశాలలో సిడ్నీ ఫార్బర్ గమనించారు. అయితే దాన్ని అడ్డుకుంటే? సుబ్బారావు బృందం ఫోలిక్ ఆమ్లాన్ని పోలిన అమినోప్టెరిన్‌ను అందించింది. కణం దాన్ని అసలుదిగా భ్రమించి స్వీకరిస్తుంది. అంతటితో విభజనకు కావలసిన పని నిలిచిపోతుంది. 16 మంది పిల్లలకు ఇవ్వగా 10 మందిలో వ్యాధి తగ్గుముఖం పట్టింది. ఆ ఉపశమనం తాత్కాలికమే. కాని అంతకుముందు ఆ పిల్లల తల్లిదండ్రులకు వైద్యులు చూపగలిగిన ఆశ ఏదీ లేదు.

దాని తోబుట్టువైన మెథోట్రెక్సేట్ నేటికీ పిల్లల రక్త క్యాన్సర్ చికిత్సలో వాడుకలో ఉంది. కణాలకు పెరగమని సందేశాలందించే సైటోకైన్ల మార్గాన్ని అడ్డుకునే రుక్సోలిటినిబ్ వంటి మందులు 2011 నుండి వచ్చాయి. వాటి పద్ధతి వేరు.

ఫార్బర్ నివేదిక 1948 జూన్‌లో వెలువడింది. ఆగస్టులో సుబ్బారావు గుండెపోటుతో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయస్సు 53 సంవత్సరాలు. శతజయంతి సంవత్సరమైన 1995లో భారత తపాలా శాఖ ఆయన స్మారకంగా తపాలా బిళ్ళను విడుదల చేసింది.