మైకేల్ ఫారడే: శక్తియు జాగరూకతయు

నేటి దినములలో వడ్రంగి పనిశాలయందును, విద్యుద్దీపముల నమర్చువాని సంచిలోను బ్యాటరీ డ్రిల్లు అను చిన్న యంత్రము కానవచ్చుచున్నది. పూర్వము బరమాతో చాలసేపు శ్రమపడి తొలిచిన రంధ్రమును ఇది క్షణములలో తొలుచును. గోడనుండి వచ్చు తీగతో దీనికి పని లేదు. మీట నొక్కినంతనే తిరుగును, విడిచినంతనే నిలుచును. ఇట్టి శక్తి మన పిడికిటిలోనికి వచ్చుటకు తొలి త్రోవ చూపినవాడు ఒక పేద కమ్మరి కుమారుడని యనేకు లెరుగరు. ఆ మహనీయుని చరిత్రమును, ఈ యంత్రమును వాడువారు దానినుండి గ్రహింపదగిన పాఠమును సంగ్రహముగా చెప్ప నెంచితిమి.

మైకేల్ ఫారడే 1791వ సంవత్సరము సెప్టెంబరు 22వ తేదీన లండను చేరువనున్న న్యూయింగ్టన్ బట్స్ అను చోట జన్మించెను. తండ్రియైన జేమ్స్ తరచు వ్యాధిగ్రస్తుడై యుండుటచే కుటుంబము కడు బీదతనమున నుండెను. చదువుట, వ్రాయుట, కొలదిపాటి లెక్కలు, ఇంతమాత్రమే బాలునికి లభించిన బడిచదువు. 1804లో నతడు జార్జి రీబో అను పుస్తక విక్రేతవద్ద చిల్లర పనులకు కుదిరి, మరుసటి యేటినుండి 7 సంవత్సరములు పుస్తకములకు అట్టలు కట్టు పని నేర్చెను. కట్టుటకు వచ్చిన గ్రంథములను చదువుట యతని కలవాటయ్యెను. విజ్ఞాన సర్వస్వములోని విద్యుచ్ఛక్తి ప్రకరణమును, జేన్ మార్సెట్ వ్రాసిన రసాయనశాస్త్ర గ్రంథమును చదివినది మొద లతని మనస్సు ప్రయోగములమీదనే నిలిచెను.

1812లో రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో హంఫ్రీ డేవీ చేసిన ఉపన్యాసములను నాల్గింటిని వినుభాగ్య మతనికి కలిగెను. విన్నదానిని విపులముగా వ్రాసి, పటములు చేర్చి, తానే అట్ట కట్టి ఆ పుస్తకమును డేవీకి పంపెను. ఆ సంవత్సరముననే డేవీ ప్రయోగము చేయుచుండగా నత్రజనియు క్లోరినును కలిసిన యొక పదార్థము ప్రేలి యాతని కంటికి గాయమయ్యెను. వ్రాయలేని స్థితిలోనున్న యా పండితునకు ఫారడే కొన్ని దినములు లేఖకుడుగా తోడ్పడెను. 1813 మార్చి 1వ తేదీన నా సంస్థలోనే సహాయకుడుగా నియమింపబడెను.

ఆ యుద్యోగము సుఖాసనము కాదు. ఆ భయంకర పదార్థముతోనే పరిశోధన సాగుచుండెను. కొలది వారములకే ఫారడే వ్రేళ్ల నడుమ పట్టుకొనిన చిన్న గాజుగొట్టము ప్రేలెను. చేతికి దెబ్బ తగిలి గోటిలో కొంత భాగ మెగిరిపోయెను. గాజు తునుకలు ముఖముపైకి వచ్చి, అతడు ధరించిన ముసుగునకున్న అద్దమును గీసెను. ఆ ముసుగు లేకున్నచో ఆ తునుకలు కన్నులకే తగిలియుండును. అప్పటి కతనికి 21 సంవత్సరములు. అతని గొప్ప పరిశోధనము లన్నియు నింకను ముందే యున్నవి.

అటుపిమ్మట డేవీతో యూరపు ఖండమున సంచరించుచు, 1814లో మిలాన్ నగరమున వోల్టాను చూచెను. లోహపు బిళ్లలను దొంతరగా పేర్చి, 1800వ సంవత్సరమున మొదటి బ్యాటరీని లోకమునకు తెలిపినవా డీ వోల్టాయే.

1821 సెప్టెంబరులో ఫారడే పాదరసముగల పాత్రలో అయస్కాంతమును నిలువుగా నిలిపి, పైనుండి వ్రేలాడు తీగ కొన పాదరసమును తాకునట్లు చేసి, తీగగుండ విద్యుత్తును పంపెను. తీగ అయస్కాంతము చుట్టును తిరుగసాగెను! విద్యుత్తు, అయస్కాంతము కలిసి నెడతెగక తిరుగు చలనమును కలిగించుట లోకమున నదియే ప్రథమము. 1831లో తీగచుట్టలోనికి అయస్కాంతమును త్రోసియు లాగియు విద్యుత్తును పుట్టించెను. 1834లో ఎలక్ట్రోడు, అయాను మున్నగు పదములను ప్రచారమునకు తెచ్చెను. డ్రిల్లులోని మోటారునకు మొదటి త్రోవ, బ్యాటరీని నింపు విద్యుత్తు పుట్టు విధము, ఆ బ్యాటరీని వర్ణించు పదములు, ఈ మూడింటియందును ఫారడే హస్తము కలదని పాఠకులు గమనింతురుగాక.

ఆ కాలముననే యతడు విద్యార్థులకై చేసిన మేలొకటి యున్నది. 1827లో కెమికల్ మానిప్యులేషన్ అను గ్రంథమును ప్రకటించి, తూచుట, కాచుట, గాజును పట్టుట, పాత్రలను శుభ్రపరచుట మున్నగు చేతిపనులను వివరించెను. క్రిస్మసు దినములలో బాలబాలికలకు ఉపన్యసించుచుండెను. రాయల్ సొసైటీ అధ్యక్ష పదవిని తనకు వలదనెను. 1867 ఆగస్టు 25వ తేదీన హాంప్టన్ కోర్టువద్ద తన గృహమున పరమపదించెను.

అతని తరువాత 1895లో జర్మనీలోని స్టుట్‌గార్ట్ నగరమున ఫైన్ సంస్థవారు విద్యుత్తుతో నడచు చేతి డ్రిల్లును చేసిరి. 1917లో అమెరికాయందు బ్లాక్, డెక్కర్ అనువారు పిస్తోలువంటి పిడియు మీటయుగల డ్రిల్లునకు హక్కుపత్రము పొందిరి. 1961లో వారి సంస్థయే తీగలేని డ్రిల్లును వెలువరించెను. నేటి డ్రిల్లులలో పెక్కింట లిథియం అయాన్ బ్యాటరీ లున్నవి.

ఇక నీ యంత్రమును వాడునపుడు ఫారడే ముసుగును మరువరాదు. పని చిన్నదైనను కండ్లద్దములు ధరింపవలెను; లోహపు తునుకకు పని చిన్నదా పెద్దదా యను వివేచన లేదు. పైటకొంగు, జడ, వదులైన చేతులు తిరుగు బిట్టునకు చుట్టుకొనును గనుక బిగించుకొనవలెను. చెక్కను చేతితో పట్టక క్లాంపుతో బిగింపవలెను. బిట్టు చిక్కుకొన్నచో యంత్రమే మెలితిరిగి మణికట్టును విరుచును. కావున నిలుకడగా నిలిచి, పిడిని గట్టిగా పట్టవలెను. గోడను తొలుచుటకుముందు లోపల విద్యుత్తు తీగయో నీటిగొట్టమో యున్నదేమో విచారింపవలెను. బిట్టును మార్చునపుడును, తుడుచునపుడును ముందుగా బ్యాటరీని వేరుచేయవలెను. అప్పుడే తొలిచిన బిట్టు కాలుచుండును, ముట్టరాదు.

పని ముగిసిన పిమ్మట గాలి రంధ్రములలోని దుమ్మును పొడిగుడ్డతోను కుంచెతోను తొలగింపవలెను, నీరు తగులరాదు. బ్యాటరీని దానికి నిర్ణయించిన ఛార్జరుతోనే నింపవలెను. విడిబ్యాటరీని మేకులతోను, తాళపుచెవులతోను, నాణెములతోను కలిపి పడవేసినచో వాని లోహము రెండు కొనలను కలిపి నిప్పు పుట్టించును. ఎండయందును మూసిన మోటారుకారునందును దాని నుంచరాదు. ఉబ్బిన, పగిలిన బ్యాటరీని వాడరాదు, చెత్తలో వేయరాదు. అట్టివానిని తీసికొను దుకాణమున నప్పగింపవలెను.

విద్యార్థులారా! ఫారడే మన కిచ్చినది శక్తి మాత్రమే కాదు. ఆ శక్తిని పట్టుకొను చేతికి ఓర్పును, కంటికి కాపును, పనిముట్టునకు శుభ్రతను నేర్పి పోయెను. మీట నొక్కుట శిశువునకైనను సాధ్యమే. నొక్కుటకుముందు ఒక్క క్షణము నిలిచి చూచువాడే యీ మహనీయునికి నిజమైన శిష్యుడని మా యభిప్రాయము. తల్లిదండ్రులును ఈ యంత్రమును పిల్లల చేతి కిచ్చుటకుముందు కండ్లద్దముల నిచ్చి, ప్రక్కన నిలిచి, ఈ క్రమమును తామే చేసి చూపెదరని నమ్ముచున్నాము.