జాన్ బ్రైట్: విశ్వాసమునకు మూల్యము

రాజకీయ నాయకుని విశ్వాసము నిజమైనదో కాదో తెలిసికొనుట ఎట్లు? ఉపన్యాసములు చాలవు. పత్రికల ప్రశంస అంతకన్నను చాలదు. తన విశ్వాసము కొఱకు అతడు ఏమి కోల్పోయెనో విచారించినచో కొంతవరకు నిజము తేలును. పందొమ్మిదవ శతాబ్దపు ఆంగ్ల రాజనీతిజ్ఞులలో ఈ పరీక్షకు నిలువదగిన వారిలో జాన్ బ్రైట్ ఒకడు.

బ్రైట్ 1811 నవంబరు 16వ తేదీన లాంకషైరు సీమలోని రాచ్‌డేల్ పట్టణమున జన్మించెను. తండ్రి నూలుమిల్లు యజమాని. వారిది క్వేకరు కుటుంబము. యుద్ధము అధర్మమని బోధించు క్రైస్తవ శాఖ అది. పదునారవ ఏట బ్రైట్ చదువు చాలించి తండ్రి మిల్లులో ప్రవేశించెను.

1841లో భార్య మరణింపగా అతడు దుఃఖమున మునిగియుండెను. పరామర్శకు వచ్చిన మిత్రుడు రిచర్డ్ కాబ్డెన్, దేశమున ఆకలితో మరణించు తల్లులను, బిడ్డలను జ్ఞాపకము చేసి, ధాన్యచట్టములు రద్దగువరకు ఇద్దరును విశ్రమింపరాదని కోరెను. విదేశధాన్యముపై సుంకము విధించి, భూస్వాములకు లాభమును పేదలకు రొట్టె కరవును కలిగించిన చట్టములవి. 1846లో అవి రద్దయ్యెను. మరుసటి సంవత్సరము మాంచెస్టరు ప్రజలు బ్రైట్‌ను పార్లమెంటునకు పంపిరి.

అయినను ఈ విజయమును మాత్రమే చూచి తీర్పు చెప్పరాదు. రొట్టె చవుక యగుట మిల్లు యజమానులకును లాభమే. 1848లో భారతదేశమున పత్తి సాగును గూర్చి విచారించిన పార్లమెంటు సంఘమునకు బ్రైట్ అధ్యక్షుడు. మన రైతు క్షేమమును, లాంకషైరు మిల్లుల అవసరమును ఆ విచారణలో కలసియే ఉండెను. 1847లో స్త్రీల యొక్కయు, పిన్నవయస్కుల యొక్కయు పనిని దినమునకు పది గంటలకు పరిమితము చేసిన చట్టమును అతడు ఎదిర్చెను. కూలిబేరములలో ప్రభుత్వము జోక్యము చేసికొనరాదని అతని సిద్ధాంతము. దాని భారము కూలివారిపై పడెనే గాని అతనిపై పడలేదు.

అతని అసలు పరీక్ష క్రిమియా యుద్ధముతో వచ్చెను. 1854 మార్చిలో బ్రిటన్ రష్యాపై యుద్ధము ప్రకటించెను. దేశమంతయు ఉద్రేకమున ఊగిపోయెను. టైమ్స్ పత్రిక విలేఖరి విలియమ్ రసెల్ సైనికుల దుఃస్థితిని నిర్భయముగా వెల్లడించెను. 1855 ఆరంభమున మంత్రివర్గమే కూలిపోయెను. కాని టైమ్స్ విమర్శించినది యుద్ధము నడపిన తీరును. బ్రైట్ ప్రశ్నించినది యుద్ధమునే. తురుష్క సామ్రాజ్యమును నిలువబెట్టుటకు ఆంగ్ల రక్తము చిందింపనేల యని అతని వాదము. ప్రతిఫలముగా మాంచెస్టరులో అతని దిష్టిబొమ్మను తగులబెట్టిరి. 1856లో అతని ఆరోగ్యము పూర్తిగా చెడిపోయెను.

పత్రికలతో అతని సంబంధమును దాచవలసిన పనిలేదు. వార్తాపత్రికలపై ముద్రాసుంకము తొలగవలెనని బ్రైట్, కాబ్డెన్ పోరాడిరి. 1855లో ఆ సుంకము రద్దయ్యెను. మరుసటి సంవత్సరము వారి పక్షమున మార్నింగ్ స్టార్ అను దినపత్రిక వెలువడెను. దానికి సంపాదకత్వము వహించిన శామ్యూల్ లూకస్ బ్రైట్ సోదరీభర్త. కావున ఆ పత్రిక ప్రశంసను నిష్పక్షపాత సాక్ష్యముగా గ్రహింపరాదు. చౌకపత్రికలు ప్రజలను శాంతిమార్గమున నడుపునని అతని ఆశ. కాని మార్నింగ్ స్టార్ 1869లో నిలిచిపోయెను. సుంకము తొలగిన కాలముననే పుట్టిన డైలీ టెలిగ్రాఫ్ వర్ధిల్లి, 1870 దశకమున రష్యాపై ప్రజలను రెచ్చగొట్టెను. పత్రికకు స్వేచ్ఛ నిచ్చినవాడు దాని అభిప్రాయమును శాసింపలేడు.

1857లో చైనాపై పామర్‌స్టన్ ప్రభుత్వము సాగించిన యుద్ధమును కాబ్డెన్ ఖండింపగా పార్లమెంటు అతనితో ఏకీభవించెను. పామర్‌స్టన్ వెంటనే ఎన్నికలు జరిపించెను. బ్రైట్ అనారోగ్యముతో విదేశమున ఉండగనే మాంచెస్టరు అతనిని ఓడించెను. ఆ సంవత్సరమే బర్మింగ్‌హామ్ అతనిని ఎన్నుకొనెను.

ఇంతకన్న కఠినమైన పరీక్ష 1861లో అమెరికా అంతర్యుద్ధముతో ఎదురయ్యెను. దక్షిణ రాష్ట్రముల పత్తి రాక, లాంకషైరులో లక్షలమంది జీవనోపాధి చెడెను. బ్రైట్ మిల్లులకును దెబ్బ తగిలెను. అయినను బానిసత్వమునకు విరుద్ధముగా అతడు ఉత్తర రాష్ట్రముల పక్షమున నిలిచెను. ట్రెంట్ నౌకపై వివాదము రేగి రెండు దేశములు యుద్ధమునకు సిద్ధపడినప్పుడు, ఇంగ్లండులో శాంతిని బోధించుచు, అమెరికాలోని సెనేటరు చార్లెస్ సమ్నరునకు సంయమనము కోరుచు లేఖలు వ్రాసెను. 1865లో లింకను హత్యకు గురియైన నాడు అతని జేబులోనున్న పత్రికా ఖండములలో బ్రైట్ వాక్యములు కలవి ఒకటి.

చివరి పరీక్ష పదవిలో వచ్చెను. 1882 జూలై 11న ఆంగ్ల నౌకాదళము ఈజిప్టులోని అలెగ్జాండ్రియాపై ఫిరంగులు ప్రేల్చెను. ప్రధాని గ్లాడ్‌స్టన్ అతని ఆప్తమిత్రుడు. నౌకలను పంపిన నాడు బ్రైట్ మంత్రివర్గమును వీడలేదు. అది అతని లోపమే. కాని గుండ్లు కురిసిన కొలది దినములకే పదవిని త్యజించెను. అప్పటికి అతని వయస్సు డెబ్బది యేండ్లు. 1889 మార్చి 27న రాచ్‌డేల్‌లో మరణించెను.

పది గంటల చట్టము విషయమున బ్రైట్ విశ్వాసమునకు వెల చెల్లించినవారు ఇతరులు. క్రిమియా, అమెరికా, ఈజిప్టు విషయములందు ఆ వెల అతడే చెల్లించెను. ఈ రెండు లెక్కలను ప్రక్కప్రక్కన వ్రాసికొననిదే ఏ నాయకుని గూర్చియు తీర్పు పూర్తి కానేరదు.