కార్మిక పక్షపాతి శ్రీ వి.వి. గిరి

జీతం, కరువు భత్యం, వాటిని బట్టి పింఛను - ఇవేవీ యాజమాన్యాలు తమంతట తాము ఇచ్చినవి కావు. వాటి కోసం పాటుపడిన పెద్దలలో శ్రీ వరాహగిరి వెంకటగిరి గారు ముఖ్యులు.

గిరిగారు 1894 ఆగస్టు 10న బరంపురంలో తెలుగు కుటుంబంలో జన్మించారు. తండ్రి జోగయ్య పంతులుగారు న్యాయవాది. 1913లో న్యాయశాస్త్రం చదవడానికి డబ్లిన్ వెళ్ళారు. ఐర్లండు స్వాతంత్ర్యోద్యమంతో సంబంధాల వల్ల 1916లో తిరిగి రావలసి వచ్చింది.

బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులను ఆయన కూడగట్టారు. 1927లో ఖరగ్‌పూర్ వర్క్‌షాపు సిబ్బంది తగ్గింపుపై సాగిన పోరాటంలో ముందు నిలిచారు. 1926లోను, 1942లోను ఎ.ఐ.టి.యు.సి. అధ్యక్షులయ్యారు. 1937లో రాజాజీ మంత్రివర్గంలో కార్మిక శాఖ చూశారు.

1952లో కేంద్ర కార్మిక మంత్రి అయ్యారు. జీతాల తగాదాలను ట్రిబ్యునళ్ళకు ఈడిస్తే ఏళ్ళు గడుస్తాయని, సంఘాలు బలహీనపడతాయని, ఇరుపక్షాలు ముఖాముఖి మాట్లాడుకోవడమే మేలని ఆయన వాదన. సంఘం గట్టిదైతేనే ఆ మాటలకు విలువ. దీనికే గిరి విధానమని పేరు వచ్చింది.

1954లో బ్యాంకు ఉద్యోగుల జీతాలపై అప్పిలేట్ ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం ఉద్యోగులకు నష్టం కలిగేలా సవరించింది. గిరిగారు మంత్రి పదవిని వదులుకున్నారు. తరువాత ఒక కమిషన్ ఏర్పడి, 1955లో వచ్చిన చట్టంతో ఆ తీర్పు చాలావరకు అమలైంది.

1969లో రాష్ట్రపతి అయ్యారు. ఆయన పదవిలో ఉండగానే 1974 మే నెలలో రైల్వే సమ్మె జరిగింది. వేలాది మంది అరెస్టయ్యారు. కోరికలు తీరకుండానే సమ్మె ముగిసింది. కాజీపేట లైను వెంట జనగామ, మహబూబాబాద్‌లలోని రైల్వే కుటుంబాలకు అది మరపురాని కాలం. ఒకనాటి రైల్వే కార్మిక నాయకుడు దేశాధినేతగా ఉన్నా సమ్మె నెగ్గలేదు.

అదే ఏడాది డిసెంబరులో బొగ్గు పరిశ్రమలో యాజమాన్యాలు, కార్మిక సంఘాలు కలిసి తొలి జాతీయ వేతన ఒప్పందం చేసుకున్నాయి. భూపాలపల్లి సింగరేణి గని కార్మికుల జీతాలు నేటికీ అలాంటి ఒప్పందాలతోనే పెరుగుతున్నాయి. సంఘం లేని రైసుమిల్లు కూలీకి మాత్రం 1948 నాటి కనీస వేతనాల చట్టమే చాలాకాలం దిక్కయింది.

1975లో భారతరత్న అందుకున్న గిరిగారు 1980 జూన్ 24న మద్రాసులో కన్నుమూశారు. మన పిల్లలకు ఆయన గురించి చెప్పేటప్పుడు రాష్ట్రపతి పదవితో పాటు, వదులుకున్న మంత్రి పదవిని గురించి కూడా చెప్పాలి.