గారీ గైగాక్స్

ఎర్నెస్ట్ గారీ గైగాక్స్ (జూలై 27, 1938 - మార్చి 4, 2008) అమెరికాకు చెందిన ఆటల రూపకర్త, రచయిత. డేవ్ ఆర్నెసన్‌తో కలసి ఇతడు రూపొందించిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ 1974లో వెలువడింది. వాణిజ్యపరంగా ప్రచురింపబడిన మొట్టమొదటి రోల్ ప్లేయింగ్ ఆటగా ఇది ప్రసిద్ధి చెందింది. ఈ ఆటలో మాంత్రికుడు మంత్రం వేయుటకు నోరు, చేతులు, ద్రవ్యము అవసరమనే నియమం ఇతడు రాసిన గ్రంథాల ద్వారానే వ్యాప్తిలోకి వచ్చింది.

బాల్యం

గైగాక్స్ షికాగో నగరంలో జన్మించాడు. తండ్రి ఎర్నెస్ట్ స్విట్జర్లాండు నుండి వలస వచ్చిన వయొలిన్ విద్వాంసుడు, షికాగో సింఫనీ ఆర్కెస్ట్రాలో వాయించేవాడు. 1946లో కుటుంబం విస్కాన్సిన్ రాష్ట్రంలోని లేక్ జెనీవా అనే చిన్న పట్టణానికి తరలివెళ్ళింది. గైగాక్స్‌కు చిన్ననాటి నుండి చదరంగం, అద్భుత కథలు, యుద్ధ క్రీడలపై మక్కువ. 1956లో తండ్రి మరణించాడు. ఉన్నత పాఠశాల చదువు పూర్తి చేయకుండానే మానివేసి, కొంతకాలానికి షికాగోలోని ఒక బీమా సంస్థలో ఉద్యోగంలో చేరాడు. 1958లో మేరీ జో పావెల్‌ను వివాహమాడాడు. వారికి ఐదుగురు సంతానం.

ఆటల రంగప్రవేశం

1968లో లేక్ జెనీవాలో ఒక హాలును 50 డాలర్లకు అద్దెకు తీసుకొని ఆటల ప్రియుల సమావేశాన్ని నిర్వహించాడు. అదే నేటికీ జరుగుతున్న జెన్ కాన్. 1970లో బీమా ఉద్యోగం పోయింది. ఇంట్లోనే చెప్పులు బాగుచేసి కుటుంబాన్ని పోషిస్తూ ఆటల నియమాలు రాసేవాడు. 1971లో జెఫ్ పెర్రెన్‌తో కలసి చెయిన్‌మెయిల్ అనే మధ్యయుగ యుద్ధ క్రీడను ప్రచురించాడు. దాని అనుబంధంలో మాంత్రికులు, డ్రాగన్లు ఉన్నాయి. ఆ నియమాలను ఉపయోగించుకొన్న ఆర్నెసన్, ఒక్కొక్క ఆటగాడు ఒక్కొక్క పాత్రను ధరించే కొత్త పద్ధతిని తయారుచేసి గైగాక్స్‌కు చూపించాడు. ఈ ఇద్దరి కృషి ఫలితమే డంజన్స్ అండ్ డ్రాగన్స్.

ప్రచురణకర్తలెవరూ ముందుకు రాకపోవడంతో 1973లో బాల్యమిత్రుడు డాన్ కే తో కలసి టి.ఎస్.ఆర్. అనే సంస్థను స్థాపించాడు. మొదటి ముద్రణ వేయి ప్రతులు. పెట్టెలను ఇంట్లోనే చేతితో కూర్చేవారు.

మంత్ర నియమాలు

రచయిత జాక్ వాన్స్ కథలలో మాంత్రికుడు మంత్రాన్ని కంఠస్థం చేయాలి, ప్రయోగించగానే అది మనసు నుండి చెరిగిపోతుంది. గైగాక్స్ ఈ పద్ధతినే గ్రహించాడు. అయినా మాంత్రికుని బలం ఎక్కువ కాకుండా మరికొన్ని హద్దులు అవసరమయ్యాయి. 1978లో వెలువడిన అడ్వాన్స్‌డ్ డంజన్స్ అండ్ డ్రాగన్స్ ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో ప్రతి మంత్రానికి మూడు అంగాలలో ఏవి కావలెనో పేర్కొన్నాడు. అవి వాచికం (పలుకు), ఆంగికం (చేతి కదలిక), ద్రవ్యం (సామగ్రి). నోరు కట్టివేసినచో వాచికం సాగదు. చేతులు బంధించినచో ఆంగికం సాగదు. ఈ విధంగా ఎంతటి మాంత్రికుడైనా బందీ కాగలడు.

ద్రవ్యాల ఎంపికలో గైగాక్స్ చమత్కారం కనబడుతుంది. నిప్పుబంతి మంత్రానికి గబ్బిలాల రెట్ట, గంధకం కావాలి. గబ్బిలాల రెట్ట నుండి తీసే సురేకారము, గంధకము రెండూ తుపాకిమందులో ఉండేవే. పిడుగు మంత్రానికి బొచ్చు ముక్క, గాజు కడ్డీ కావాలి. వీటిని రుద్ది స్థిర విద్యుత్తు పుట్టించే ప్రయోగం పాఠశాల విద్యార్థులకు తెలిసినదే.

తరువాతి ముద్రణలు ఈ నియమాన్ని మరింత స్పష్టపరచాయి. 2014 నాటి అయిదవ ముద్రణ ప్రకారం ఆంగికానికి కనీసం ఒక చేయి ఖాళీగా ఉండాలి. ద్రవ్యాన్ని పట్టుకొన్న చేతితోనే ఆంగికమూ చేయవచ్చు. ఒక చేత కత్తి, మరొక చేత డాలు పట్టినవాడు సాధారణంగా ఆంగికం గల మంత్రం వేయలేడు. వార్ కాస్టర్ అనే ప్రత్యేక సామర్థ్యం పొందినవానికి మాత్రం ఈ అడ్డంకి లేదు.

వివాదాలు, సంస్థను వీడుట

ఆట ఘనత, రాయల్టీల విషయమై ఆర్నెసన్ 1979లో దావా వేయగా 1981లో రాజీ కుదిరింది. 1980 దశకంలో ఈ ఆట పిల్లలను క్షుద్రవిద్యల వైపు మళ్ళిస్తుందని కొందరు ఆరోపించగా గైగాక్స్ బహిరంగంగా ఖండించాడు. 1985లో సంస్థలో అధిక వాటాలు లొరెయిన్ విలియమ్స్ చేతికి వెళ్ళాయి. గైగాక్స్ న్యాయస్థానానికి వెళ్ళినా ఫలితం లేక 1986లో తాను స్థాపించిన సంస్థనే వీడవలసి వచ్చింది. తాను సృష్టించిన ఆటపై అటుపిమ్మట అతనికి అధికారం లేకపోయింది. 1997లో టి.ఎస్.ఆర్.ను విజర్డ్స్ ఆఫ్ ది కోస్ట్ సంస్థ కొనుగోలు చేసింది.

చివరి దశ

1987లో గెయిల్ కార్పెంటర్‌ను వివాహమాడాడు. వీరికి ఒక కుమారుడు. డేంజరస్ జర్నీస్ (1992), లెజెండరీ అడ్వెంచర్ (1999) అనే ఆటలను రూపొందించాడు. 2004లో పక్షవాతానికి గురైనా అభిమానులతో ఆటలు మానలేదు. 2008 మార్చి 4 న లేక్ జెనీవాలో తన 69వ యేట మరణించాడు. ఆయన స్మృత్యర్థం 2009 నుండి గారీ కాన్ అనే వార్షిక సమావేశం జరుగుతున్నది.