రహీం సాబ్: వింగర్లకు కొత్త పని నేర్పిన హైదరాబాద్ మాస్టారు

1962 జకార్తా ఆసియా క్రీడల్లో భారత ఫుట్‌బాల్ జట్టు తొలి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడిపోయింది. సెప్టెంబర్ 4న అదే కొరియాను ఫైనల్లో 2-1తో ఓడించి స్వర్ణం గెలిచింది. ఈ రెండు మ్యాచ్‌ల మధ్య జరిగిన కథను చాలామంది చాలాసార్లు చెప్పారు. 2024లో మైదాన్ సినిమా కూడా వచ్చింది. అయితే ఆ టోర్నీ గోల్స్ లెక్కను ఒకసారి విడిగా చూడాలి.

భారత్ మొత్తం 11 గోల్స్ చేసింది. అందులో నాలుగు కుడి అంచున ఆడిన పీకే బెనర్జీవి. రెండు ఎడమ అంచున ఆడిన తులసీదాస్ బలరాంవి. అంటే సగానికి పైగా గోల్స్ ఇద్దరు వింగర్లవే. వింగర్ అంటే బంతిని గీత వెంట తీసుకెళ్లి మధ్యలో ఉన్నవాడికి అందించేవాడే తప్ప తాను గోల్ కొట్టేవాడు కాదని అనుకునే రోజులవి. ఆ ఆలోచనను మార్చిన మనిషి హైదరాబాద్‌కు చెందిన బడిపంతులు సయ్యద్ అబ్దుల్ రహీం.

రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకున్నారు, అక్కడి జట్టుకు ఆడారు. ఆ తర్వాత నగరంలోని పాఠశాలల్లో ఉపాధ్యాయుడిగా పనిచేశారు. వ్యాయామ విద్యలో డిప్లొమా తీసుకున్నాక పూర్తిగా ఆటల వైపు వచ్చారు. నలభైల్లో హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి అయ్యారు, చనిపోయేదాకా ఆ పదవిలోనే ఉన్నారు. ఆటగాడిగా ఆయనకు పెద్ద పేరేమీ లేదు. పాఠం ఎలా చెప్పాలో తెలియడం మాత్రం ఆయనకు చివరిదాకా పనికొచ్చింది.

1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు ఆయన చేతికి వచ్చింది. ఆ ఏడాదే డ్యూరాండ్ కప్ ఫైనల్లో మోహన్ బగాన్‌ను ఓడించారు. 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదుసార్లు బొంబాయిలో రోవర్స్ కప్ గెలిచారు. భారత ఫుట్‌బాల్ అంటే కలకత్తా అని అందరూ అనుకునే కాలంలో దక్కన్ నుంచి వచ్చిన ఒక పోలీసు జట్టు ఇలా గెలుస్తూ పోవడం చిన్న విషయం కాదు. 1956లోనూ 1957లోనూ హైదరాబాద్ జట్టు సంతోష్ ట్రోఫీ కూడా తెచ్చుకుంది.

ఈ విజయాల రహస్యం ఆటగాళ్ల ప్రతిభ ఒక్కటే కాదు. రహీం తన కుర్రాళ్లకు పెట్టిన పోటీల్లో ఉంది. బంతిని ఎవరూ డ్రిబుల్ చేయకూడదనే నియమంతో ఆయన టోర్నమెంట్లు పెట్టేవారు. వాటం కాని కాలితోనే తన్నాలనే నియమంతో మరికొన్ని నడిపేవారు. చూసేవాళ్లకు ఇవి పిల్లల ఆటల్లా అనిపించి ఉండొచ్చు. వింగర్ కోణం నుంచి చూస్తే వాటి లోతు అర్థమవుతుంది.

కుడి కాలు మాత్రమే ఆడే కుడి వింగర్‌ను ఆపడం ఫుల్‌బ్యాక్‌కు కష్టమేమీ కాదు. అతడు ఎటు పోతాడో ముందే తెలుసు. గీత వైపే పోతాడు, అక్కడి నుంచి బంతిని గోల్ ముందుకు ఎత్తి వేస్తాడు. ఆ దారిని మూసేస్తే చాలు. రెండు కాళ్లూ ఆడేవాడైతే లోపలికీ తిరగగలడు, బయటికీ పోగలడు. అప్పుడు ఫుల్‌బ్యాక్ ఒక క్షణం ఆగాల్సిందే. డిఫెన్స్ బద్దలయ్యేది ఆ క్షణంలోనే. డ్రిబ్లింగ్ మీద నిషేధం సంగతీ అంతే. బంతిని కాళ్ల దగ్గర పెట్టుకుని ఇద్దరిని తప్పించే వింగర్‌కు చప్పట్లు బాగానే పడతాయి. ఈలోపు అవతలి జట్టు వెనక్కి చేరి గోడ కట్టుకుంటుంది. ఒక్క తాకుతో బంతిని వదిలి ఖాళీలోకి పరిగెత్తేవాడు ఆ గోడ లేవకముందే దాటేస్తాడు.

ఈ పాఠం ఎంత అవసరమో 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో తెలిసొచ్చింది. అంతకు ఏడాది ముందు ఢిల్లీలో రహీం శిక్షణలోనే భారత్ ఇరాన్‌ను ఓడించి తొలి ఆసియా క్రీడల స్వర్ణం గెలిచింది. హెల్సింకీలో యుగోస్లావియా చేతిలో 1-10తో చిత్తయింది. మనవాళ్లలో చాలామంది అప్పటికీ వట్టి కాళ్లతోనే ఆడుతున్నారు. ఆ ఓటమి తర్వాతే బూట్లు తప్పనిసరి చేశారు. బూట్ల మీద జరిగినంత చర్చ ఆట తీరు మీద జరగలేదు. దేశంలో చాలా క్లబ్‌లు అప్పటికింకా వెనక ఇద్దరు, మధ్యలో ముగ్గురు, ముందు ఐదుగురు ఉండే పాత అమరికనే పట్టుకుని ఉన్నాయి. 1925లో ఆఫ్‌సైడ్ నియమం మారినప్పుడే ఇంగ్లండ్‌లో మూడో బ్యాక్ వచ్చేశాడు. 1953లో హంగరీ వెంబ్లీలో ఇంగ్లండ్‌ను 6-3తో ఓడించి, ఆ మూడో బ్యాక్‌ను కూడా ఎలా బోల్తా కొట్టించవచ్చో చూపించింది. సెంటర్ ఫార్వర్డ్ కిందికి దిగి ఆడితే అతణ్ని కాయాల్సిన స్టాపర్‌కు రెండు దారులే ఉంటాయి. వెంట వెళ్తే మధ్యలో ఖాళీ పడుతుంది, వెళ్లకపోతే ఆ ఆటగాడికి స్వేచ్ఛ దొరుకుతుంది.

ఆ ఖాళీలోకి ఎవరు రావాలి? ఇక్కడే వింగర్ పని మారుతుంది. అంచున నిలబడి ఫుల్‌బ్యాక్‌ను పక్కకు లాగడం అతడి మొదటి పని. సమయం చూసి లోపలికి దూరి గోల్ కొట్టడం రెండోది. నలుగురు వెనక, ఇద్దరు మధ్యలో, నలుగురు ముందు ఉండే 4-2-4 అమరికలో ఈ రెండు పనులూ కుదురుతాయి. బ్రెజిల్ 1958 ప్రపంచకప్‌లో ఈ పద్ధతితోనే గెలిచింది. భారత జట్టును ఈ దారిలోకి తెచ్చిన పేరు రహీందే. బ్రెజిల్ కంటే ముందే తెచ్చారని ఆయన అభిమానులు గట్టిగా చెబుతారు. ఎవరు ముందన్న పందెం కంటే, విదేశీ మ్యాచ్‌లు టీవీలో చూసే వీలు లేని కాలంలో ఒక బడిపంతులు ప్రపంచ ఫుట్‌బాల్‌తో సమానంగా ఆలోచించడమే గొప్ప.

1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్ నాటికి ఈ కొత్త జట్టు తయారైంది. నెవిల్ డిసౌజా హ్యాట్రిక్‌తో భారత్ ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్ చేరింది. అక్కడ మళ్లీ యుగోస్లావియానే ఎదురైంది. ఈసారి ముందు గోల్ కొట్టింది భారత్. చివరికి 1-4తో ఓడినా, ఆ తర్వాత బల్గేరియా చేతిలో ఓడి నాలుగో స్థానంతో సరిపెట్టుకున్నా, నాలుగేళ్లలో వచ్చిన మార్పు అందరికీ కనిపించింది. ఆ జట్టులో నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్ వంటి హైదరాబాదీలు ఉన్నారు. ఇరవై ఏళ్ల బలరాం కూడా ఉన్నాడు.

బలరాం సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడలో పేద కుటుంబంలో పుట్టాడు. అతణ్ని గుర్తించింది రహీమే. శిక్షణకు రోజూ నగరంలోకి రావడానికి కుర్రాడి దగ్గర డబ్బు లేదని తెలిసి సైకిల్ అద్దెకు తానే డబ్బు ఇచ్చారు. బలరాం ముందు వరసలో ఎక్కడైనా ఆడగలడు. పాసులిచ్చి ఆట నడిపించే తెలివి ఉంది, గోల్ కొట్టే కాలూ ఉంది. అలాంటి ఆటగాణ్ని అంచుకు పంపితే అతడు గీతను అంటిపెట్టుకుని ఉండిపోడు. కుడివైపు పీకే బెనర్జీది వేరే రకం ఆట. అతడి బలం వేగం, గట్టి షాట్. వీళ్లిద్దరి మధ్య చునీ గోస్వామి. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీకి 1-2తో గట్టి పోటీ ఇచ్చింది, ఫ్రాన్స్‌తో 1-1తో డ్రా చేసింది ఈ ముగ్గురున్న జట్టే. భారత్ ఆ టోర్నీలో చేసిన మూడు గోల్స్‌లో రెండు బలరాంవి, ఒకటి పీకేది. అయినా పెరూతో 1-3తో ఓడి గ్రూప్ దశలోనే ఇంటికి రావాల్సి వచ్చింది. మంచి వింగర్లు ఉంటే చాలు గెలుపు ఖాయం అనుకునేవాళ్లు రోమ్‌ను మర్చిపోకూడదు.

జకార్తాకు వచ్చేసరికి రహీం ఆరోగ్యం బాగాలేదు. ఊపిరితిత్తుల క్యాన్సర్ ఆయన్ను లోపల్నుంచి తినేస్తోంది. బయట వాతావరణం కూడా భారత్‌కు అనుకూలంగా లేదు. ఇజ్రాయెల్, తైవాన్‌లను క్రీడలకు రానివ్వకపోవడాన్ని భారత క్రీడాధికారి జీడీ సోంధీ తప్పుపట్టడంతో స్థానికులు మండిపడ్డారు. భారత ఆటగాళ్లు మైదానంలోకి దిగితే చాలు స్టేడియమంతా గేలి చేసేది.

కొరియాతో ఓటమి తర్వాత థాయిలాండ్‌ను 4-1తో, జపాన్‌ను 2-0తో ఓడించారు. ఈ ఆరు గోల్స్‌లో మూడు పీకేవి, రెండు బలరాంవి. అంచుల నుంచి వచ్చే దాడి ఎంత బాగా పనిచేసిందో చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. థాయిలాండ్ మ్యాచ్‌లోనే స్టాపర్ జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. అతడు వెనక నిలబడి ఆడటం కష్టం. సెమీఫైనల్లో రహీం ఎవరూ ఊహించని పని చేశారు. జర్నైల్‌ను సెంటర్ ఫార్వర్డ్‌గా పంపారు. తలకు కట్టుతో ఉన్న డిఫెండర్‌ను ముందు వరసలో ఆడించడం పిచ్చిపనిలా కనిపిస్తుంది. కానీ ఇద్దరు వింగర్లు బంతిని గోల్ ముందుకు పంపుతున్నప్పుడు అక్కడ బెదరని ఒక భారీ మనిషి ఉంటే ప్రత్యర్థి స్టాపర్లు అతణ్ని వదిలి కదలలేరు. దక్షిణ వియత్నాంపై 3-2తో గెలిచిన మ్యాచ్‌లో చునీ రెండు, జర్నైల్ ఒక గోల్ చేశారు. ఈసారి వింగర్ల పేర్లు స్కోరు బోర్డు మీద లేవు. మధ్యలో బలం పెరగడంతో గోల్స్ అక్కడి నుంచే వచ్చాయి.

ఫైనల్ ముందు రహీం తన ఆటగాళ్లను ఒక్కటే అడిగారట, తనకు బహుమతిగా స్వర్ణం కావాలని. ఆ మాటను వాళ్లు జీవితాంతం చెప్పుకున్నారు. దాదాపు లక్ష మంది గేలి మధ్య ఆట మొదలైంది. 17వ నిమిషంలో పీకే, 20వ నిమిషంలో జర్నైల్ గోల్ కొట్టారు. ఒకటి అంచున ఆడేవాడిది, ఒకటి మధ్యలో ఆడినవాడిది. చివర్లో కొరియా ఒక గోల్ తిరిగి ఇచ్చినా ఫలితం మారలేదు. ఆ గ్యాలరీలో భారత్ కోసం అరిచిన కొద్దిమందిలో పాకిస్తాన్ హాకీ ఆటగాళ్లూ ఉన్నారని మన ఆటగాళ్లు చెప్పేవారు. హాకీ ఫైనల్లో భారత్‌ను ఓడించింది వాళ్లే.

రహీం 1963 జూన్ 11న చనిపోయారు. ఫైనల్ జరిగి తొమ్మిది నెలలే అయింది. ఆయనకు 53 ఏళ్లు. వింగర్ల మీద ప్రపంచంలో జరిగిన పెద్ద చర్చను చూడటానికి ఆయన లేరు. 1966 ప్రపంచకప్‌లో ఇంగ్లండ్ కోచ్ ఆల్ఫ్ రామ్సే గ్రూప్ మ్యాచ్‌ల్లో ఒక్కో వింగర్‌ను పరీక్షించి, నాకౌట్ దశలో అందరినీ పక్కన పెట్టి కప్పు గెలిచారు. దాంతో వింగర్ కాలం చెల్లిందని చాలామంది తేల్చేశారు. ఆ మాట సగమే నిజం. గీత వెంట పరుగెత్తి బంతిని ఎత్తి వేయడం తప్ప ఇంకేమీ చేయని వింగర్‌కు నిజంగానే కాలం చెల్లింది. మైదానాన్ని వెడల్పుగా వాడుకోవాల్సిన అవసరం మాత్రం పోలేదు. ఆ పని ఇప్పుడు కొన్ని జట్లలో ఫుల్‌బ్యాక్‌లు చేస్తున్నారు. ఎడమ కాలి ఆటగాణ్ని కుడివైపు ఆడించి లోపలికి తిరిగి కొట్టమనడం నేడు పెద్ద క్లబ్‌లన్నీ చేసే పనే. హైదరాబాద్ కుర్రాళ్లు వాటం కాని కాలితో టోర్నమెంట్లు ఆడింది ఇలాంటి ఆట కోసమే.

రహీం పోయిన ఏడాదే బలరాం అనారోగ్యంతో ఆటకు దూరమయ్యాడు. అప్పటికి అతడికి 27 ఏళ్లు కూడా నిండలేదు. రహీం కొడుకు సయ్యద్ షాహిద్ హకీం రోమ్ ఒలింపిక్స్ బృందంలో ఉన్నారు, తర్వాత అంతర్జాతీయ రిఫరీగా పనిచేసి 2021లో కన్నుమూశారు. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో భారత్ జపాన్‌ను 1-0తో ఓడించి కాంస్యం గెలిచింది. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు వచ్చిన చివరి పతకం అదే. ఆ జట్టు కెప్టెన్ హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ నయీముద్దీన్. కోచ్‌లలో ఒకరు రహీం సాబ్ కుడి వింగర్ పీకే బెనర్జీ.